పన్ను ఊడినట్టు కల వస్తే

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకు తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. ఏరు ఎర్రబడింది. ఊళ్లో అప్పుడే పులస ధరల గురించి కబుర్లు మొదలయ్యాయి. ఇక అసలు సంగతి. బుజ్జీ, నీకు పై పన్ను ఊడి అరచేతిలో పడినట్టు కల వచ్చిందట. ఫోనులో వెతికితే ‘ఇంట్లో పెద్దవారికి గండం’ అని ఉందట. అప్పటి నుంచి తాతయ్యకు ఎలా ఉందో కనుక్కోమని మీ అమ్మ ప్రాణం తీస్తున్నావట. నేను నిక్షేపంగా ఉన్నాను తల్లీ. నా పళ్లు ఊడి చాలా కాలమైంది. కట్టుడు పళ్లతోనే పనసపొట్టు కూర తింటున్నాను.

నీ ఫోను చెప్పింది కొత్త మాటేమీ కాదు. పాము కరిస్తే ఒక ఫలం, పన్ను ఊడితే ఒక ఫలం, తెల్లవారుజామున వస్తే తప్పక జరుగుతుంది అంటూ మన ఇళ్లలో చెప్పుకుంటూనే ఉన్నాం. రెండో శతాబ్దంలో ఆర్టెమిడోరస్ అనే ఆయన గ్రీకు భాషలో కలల మీద ఐదు సంపుటాలు రాశాడు. నోరు ఇల్లు, పళ్లు ఆ ఇంటి మనుషులు అని అందులోనే ఉంది. పై పళ్లు ముఖ్యులు, కింది పళ్లు తక్కువవాళ్లట! నిన్ను భయపెట్టిన ముక్క అంత పాతది. అయితే ఆయన మరో మాట కూడా అన్నాడు. కల కన్నది ఎవరు, ఏం పని చేస్తారు, ఉన్నవారా లేనివారా అన్నది తెలుసుకోకుండా ఫలం చెప్పకూడదన్నాడు. నీ ఫోను ఇవేవీ అడగలేదు కదా?

వియన్నాలో నరాల జబ్బులు చూసే సిగ్మండ్ ఫ్రాయిడ్ అనే డాక్టరు దీన్ని ఇంకో మెట్టు ముందుకు తీసుకుపోయాడు. కలకు అర్థం చెప్పాల్సింది పండితుడు కాదు, కల కన్న మనిషే అన్నాడు. కలను మొత్తంగా పట్టుకోకుండా ముక్కలు చేయాలి. ఒక్కో ముక్క దగ్గర ఆగి, ‘ఇది తలచుకుంటే నీకు ఏం గుర్తొస్తోంది?’ అని అడగాలి. సిగ్గనిపించినా, అర్థం లేనిదనిపించినా, తోచిందల్లా దాచకుండా చెప్పాలి. కలల మీద ఆయన రాసిన పుస్తకం 1899 నవంబరులో వచ్చింది. లోపల మాత్రం 1900 అని వేశారు. అచ్చువేసిన 600 ప్రతులు అమ్ముడుపోవడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

ఆయన ముందుగా తన కలనే విప్పిచూశాడు. ఆయన దగ్గర వైద్యం చేయించుకున్న ఒకామెకు జబ్బు పూర్తిగా నయం కాలేదు. ఆమెను చూసివచ్చిన స్నేహితుడు ‘కొంత నయమే గానీ, పూర్తిగా తగ్గలేదు’ అన్నాడు. ఆ గొంతులో ఏదో నిష్ఠూరం వినిపించింది ఫ్రాయిడ్‌కు. 1895 జులై 23 రాత్రి కలలో ఆమె ఒక పెద్ద హాలులో కనిపించింది. ఇంకా నొప్పులుంటే తప్పు నీదేనని ఫ్రాయిడ్ ఆమెతో అన్నాడు. గొంతు తెరిపించి చూస్తే లోపల తెల్లని మచ్చ. చివరికి తేలిందేమిటంటే, ఆ స్నేహితుడే ఆమెకు శుభ్రం చేయని సిరంజితో సూది వేశాడు! అంటే తప్పు రోగిది, కాకపోతే స్నేహితుడిది, తనది మాత్రం కాదు. ఎంత పెద్ద డాక్టరైనా నిద్రలో చిన్నపిల్లవాడే చూశారా. కల అంటే తీరని కోరిక తీరినట్టు చూపించేదన్న ఆయన సిద్ధాంతానికి ఇదే మొదటి సాక్ష్యం.

చిన్నపిల్లల కలల్లో ఈ కోరిక ముసుగు లేకుండా కనిపిస్తుందన్నాడు. ఆయన కూతురు ఆనాకు పందొమ్మిది నెలల వయసులో ఒక పొద్దున వాంతులయ్యాయి. రోజంతా ఏమీ పెట్టలేదు. ఆ రాత్రి నిద్రలో ఆ పిల్ల తన పేరు చెప్పుకుని స్ట్రాబెర్రీలు, ఆమ్లెట్టు, పుడ్డింగు అంటూ వరసపెట్టి పలవరించింది. చిన్నా, కామెర్లు వచ్చి పథ్యం తింటున్నప్పుడు నువ్వు ‘ఇంకో పూతరేకు’ అని పలవరించడం ఇంట్లో అందరం విన్నాం. దానికి భాష్యం అక్కరలేదు.

పెద్దవాళ్ల కోరికలు అలా ఎదురుపడవు. ఒప్పుకోలేని కోరికనూ కోపాన్నీ మనసు కిందికి నొక్కేస్తుంది. అలా నొక్కినవి ఉండే చోటునే అచేతనం అంటారు. మన ఏటిగట్టు సంగతి మీకు తెలుసు. వరద గట్టు దాటకపోయినా ఇవతలి చేలో ఊటలు లేస్తాయి. నొక్కేసిన సంగతి కూడా అలాగే, తిన్నగా రాకుండా, ఎవరూ అనుకోని చోట పైకి తేలుతుంది.

నా కల ఒకటి చెబుతాను. రేవులో ఏరు దాటించే పంటు ఎక్కాను. టికెట్లు ఇచ్చే మనిషి ముఖం మన కొబ్బరి దింపు పనివాడిది, గొంతు మాత్రం మా నాన్నగారిది. ‘పుస్తకం ఏదిరా?’ అన్నాడు. జేబులో చెయ్యి పెడితే చేతికి తగిలినవన్నీ రాలిపోయిన పిందెలే. టికెట్టు లేదని దించేస్తారేమోనని చెమటలు పట్టి లేచాను.

మంచం మీదే కూర్చుని ముక్కలు చేశాను. పిందెలు అంతకుముందు రోజు తోటలో చూసి విసుక్కున్నవే. ముందు రోజు చూసిన చిల్లర సంగతుల్ని కల ఇలా ఏరుకుని వాడుకుంటుందని ఫ్రాయిడ్ రాశాడు. పుస్తకం అనగానే పట్టాదారు పాసుపుస్తకం గుర్తొచ్చింది. ఆ వారమే మీ మామయ్య ఫోను చేసి ఏటి ఒడ్డు తోట అమ్మేద్దామా అని అడిగితే ‘నీ ఇష్టం’ అన్నాను. ఆ తోట పెంచింది మా నాన్నగారు. అమ్మితే ముందు పని పోయేది దింపువాడికి. వాళ్లిద్దరినీ కల ఒకే మనిషిగా కుట్టేసింది. తోట గురించిన బెంగను తీసుకెళ్లి ఒక టికెట్టు ముక్క మీద పెట్టింది. పలువురిని ఒకరుగా చేయడం, బరువును పెద్ద సంగతి మీది నుంచి చిన్న సంగతి మీదికి మార్చడం, ఈ రెండూ కల చేసే పనుల్లో ముఖ్యమైనవి. ఆ పొద్దునే మీ మామయ్యకు ఫోను చేసి ఇప్పుడప్పుడే అమ్మవద్దన్నాను. పంటు, పిందెలు వేరేవాళ్ల కలలో వస్తే తోట ఊసే ఉండకపోవచ్చు.

ఇంత చెప్పానని ఫ్రాయిడ్ మాటలన్నీ వేదమనుకోకండి. తర్వాతి ముద్రణల్లో ఆయనే కలలో ఇది కనిపిస్తే దానికి గుర్తు అని జాబితాలు పెంచుతూ పోయాడు. తలుపులోంచి గెంటిన స్వప్నఫలాల్ని కిటికీలోంచి రానిచ్చాడని నా అభిప్రాయం. పన్ను కలకు ఆయన చెప్పిన అర్థం ఈ వయసులో మీకు రాయను, రాసినా నాకు నమ్మకం లేదు.

ప్రతి కలా కోరికే అన్న మాట కూడా నిలబడలేదు. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులకు అదే పేలుడు మళ్లీ మళ్లీ కలలోకి వచ్చేది. ఇందులో తీరే కోరిక ఏముంది? ఇది తన సూత్రానికి లొంగదని 1920లో ఆయనే ఒప్పుకున్నాడు. 1996 నవంబరు 6 తుపాను చూసిన కోనసీమవాళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. కొబ్బరిచెట్లు విరిగే చప్పుడు కలలో విని లేచి కూర్చునేవాళ్లు మన వీధిలోనే ఉండేవారు.

యూంగ్ అనే ఫ్రాయిడ్ శిష్యుడు విడిపోయి వేరే దారి పట్టాడు. కల దాచేది కాదు, మెలకువలో మనం వదిలేసిన వైపును చూపించేది అన్నాడు. కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ అనే డాక్టరు 1922లో మనోవిశ్లేషణ (ఫ్రాయిడ్ పద్ధతికి అదే పేరు) సంఘం పెట్టి, ఫ్రాయిడ్‌తో ఏళ్లతరబడి ఉత్తరాల్లోనే వాదించాడు. 1953లో షికాగోలో నిద్రపోయేవారి కనుగుడ్లు కొన్ని వేళల్లో గబగబా కదలడం గమనించారు. అప్పుడు లేపితే ఎక్కువమంది కల చెప్పారు. కొందరు శాస్త్రజ్ఞులైతే మెదడు తనంతట తాను కదిలిన కదలికకు మనం అల్లుకున్న కథే కల అంటారు. కావచ్చు. అయినా అల్లేటప్పుడు ఆ దారాలు ఎక్కడివో అడగవచ్చు కదా.

రామాయణంలో త్రిజట కల జరగబోయేది చెప్పింది. ఫ్రాయిడ్ లెక్కలో కల చెప్పేది జరిగిపోయినదాన్నే. కాబట్టి, బుజ్జీ, నీ పన్ను నా ఆయుష్షు గురించి ఏమీ చెప్పదు. పళ్ల డాక్టరు నీకు క్లిప్పులు వేయాలన్నాడని మీ అమ్మ చెప్పింది. అదే కారణమని నేను అనను, అది నువ్వు చూసుకోవాలి. ఆ పన్ను చేతిలో పడ్డప్పుడు పక్కన ఎవరున్నారు? ఏడుపు వచ్చిందా, ఊపిరి పీల్చుకున్నావా? లేవగానే, ఎవరితోనూ మాట్లాడకముందే కాగితం మీద పెట్టు. ఆలస్యమైతే మనసు కథను నున్నగా చేసేస్తుంది. ప్రతి ముక్క పక్కనా గుర్తొచ్చింది రాయి. చిన్నా కలకు మాత్రం నువ్వు అర్థాలు చెప్పకు. వాడు నీ కలకు చెబితే ఊరుకోకు. అదే కల పదేపదే వచ్చి నిద్ర పాడుచేస్తుంటే అమ్మకు చెప్పు, అవసరమైతే డాక్టరుకు చూపిస్తుంది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ కాగితాలు తెచ్చుకో. నాకు చదివి వినిపించనక్కరలేదు.

ఇట్లు,
మీ తాతయ్య