రక్తానికి పరీక్ష ఉంది, కార్జానికి లేదు: పందుల్లో హెపటైటిస్-ఇ వివాదం వెనుక కథ

కబేళాకు వచ్చే పందులనూ వేటలో కూలిన అడవి పందులనూ వైరస్‌ల కోసం తప్పనిసరిగా పరీక్షించాలా అన్న వాదులాట యూరప్‌లోనూ జపాన్‌లోనూ సద్దుమణిగినట్టే కనిపించి మళ్లీ లేస్తూ ఉంటుంది. ఈసారి కూడా అందరి వేళ్లూ కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-ఇ వైరస్ వైపే చూపిస్తున్నాయి. కలుషితమైన తాగునీటితో వ్యాపించే కామెర్లు, 1955-56లో ఢిల్లీని కుదిపేసిన వ్యాప్తి, గర్భిణులకు పొంచి ఉండే ప్రమాదం మన పాఠకులు ఎరిగినవే కనుక ఆ పాత కథలోకి వెళ్లడం లేదు. అది మనుషుల మధ్యనే తిరిగే ఒకటో, రెండో జన్యురూపాల (జన్యుపదార్థంలో తేడాలున్న వైరస్ రకాల) కథ. నేటి తగాదా మూడో, నాలుగో జన్యురూపాలది. అవి పంది, అడవి పంది, జింక వంటి జంతువుల్లో కాపురముంటూ సరిగా ఉడకని మాంసంతో, ముఖ్యంగా కార్జంతో, మనిషిలోకి వస్తాయి.

1997లో అమెరికా పందుల్లో ఈ వైరస్‌ను తొలిసారి గుర్తించినప్పుడు పెద్ద కలవరం పుట్టలేదు. పందికి జబ్బు చేయదు, బరువు తగ్గదు, కబేళాలో పశువైద్యుడి కంటికి ఏ తేడా కనిపించదు. రైతుకు నష్టం లేని వైరస్ కోసం రైతు ఖర్చు పెట్టడు. నేటి ప్రతిష్టంభనకు సగం కారణం ఈ లెక్కలోనే ఉంది.

అసలు మలుపు జపాన్ ఉత్తర కొసన ఉన్న హొక్కైదోలో వచ్చిందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. విదేశాలకు వెళ్లని వారికి అక్కడ హెపటైటిస్-ఇ సోకుతుండటంతో వైద్యులు ఆరా తీయగా, 10 మంది రోగుల్లో 9 మంది జబ్బు పడటానికి 2 నుంచి 8 వారాల ముందు కాల్చిన లేదా అరకొరగా ఉడికిన పంది కార్జం తిన్నట్టు తేలింది. పరిశోధకులు కిరాణా దుకాణాల నుంచి 363 పంది కార్జం పొట్లాలు కొని పరీక్షించగా 7 పొట్లాల్లో వైరస్ జన్యుపదార్థం దొరికింది. 2003లో ఈ ఫలితం వెలువడింది. అదే ఏడాది హ్యోగో ప్రాంతంలో పచ్చి జింక మాంసం తిన్నవారికి జబ్బు చేసింది. అదృష్టవశాత్తు ఆ మాంసంలో కొంత ఫ్రీజర్‌లో మిగిలి ఉండటంతో, దానిలోని వైరస్, రోగుల్లోని వైరస్ ఒకటేనని నిరూపించగలిగారు. అడవి పంది కార్జం పచ్చిగా తిన్న ఇద్దరు జబ్బుపడగా వారిలో ఒకరు మరణించిన ఉదంతమూ ఆ సంవత్సరమే వైద్య పత్రికలకెక్కింది.

అయినా అప్పటికి దీన్ని ‘పచ్చిగా తినేవారి సమస్య’గా పక్కకు నెట్టడం సాధ్యమే. ఆ వెసులుబాటును తీసేసింది 2004 నాటి హొక్కైదో ఉదంతం. ఒక కుటుంబం, బంధువులు కలిసి నిప్పులపై మాంసం కాల్చి వడ్డించే హోటల్లో పంది మాంసం, కార్జం తిన్నారు. వారిలో పలువురికి వైరస్ సోకింది, ఒక పెద్దాయన కాలేయం పూర్తిగా దెబ్బతిని మరణించారు. ఆయన కుమారుడు, తనలో ఏ లక్షణమూ లేకపోవడంతో, ఈలోగా రక్తదానం చేశారు. ఆ రక్తం ఎక్కించుకున్న రోగికి హెపటైటిస్-ఇ వచ్చింది. ఆ కుటుంబం తిన్నది పచ్చి మాంసం కాదు, కాల్చినదే. చివరికి జబ్బుపడిన రోగి అయితే అసలు ఆ హోటల్ గడపే తొక్కలేదు. బాగా వండుకుని తింటే చాలన్న సలహా ఆ మాంసం ముట్టకుండానే రక్తం ద్వారా జబ్బు తెచ్చుకున్న మనిషికి ఏ విధంగా రక్షణ అవుతుందన్న ప్రశ్నకు ఇప్పటికీ మాంస పరిశ్రమ నుంచి సూటి జవాబు లేదు.

జపాన్ స్పందన రెండు దారులుగా చీలింది. రక్తం వైపు రెడ్‌క్రాస్ త్వరగానే కదిలింది. 2005లో హొక్కైదోలో దాతల రక్తాన్ని ఈ వైరస్ కోసం ప్రయోగాత్మకంగా పరీక్షించడం మొదలుపెట్టి, 2020 ఆగస్టు నుంచి దేశమంతటికీ విస్తరించింది. మాంసం వైపు మాత్రం కబేళాలో పరీక్ష రాలేదు, హోటల్ బల్లపై నిషేధం వచ్చింది, అదీ చుట్టు దారిన. 2011లో పచ్చి గొడ్డుమాంసం తిని ఐదుగురు చనిపోయాక, 2012 జూలైలో పచ్చి గొడ్డు కార్జం అమ్మకాన్ని ప్రభుత్వం నిషేధించింది. వెంటనే కొన్ని హోటళ్లు అదే పళ్లెంలో పచ్చి పంది కార్జం వడ్డించడం మొదలుపెట్టాయి! ఒక ప్రమాదాన్ని మూసిన చట్టమే అంతకంటే ప్రమాదకరమైన మరో తలుపును తెరిచినట్టయింది. చివరకు 2015 జూన్‌లో పచ్చి పంది మాంసాన్నీ కార్జాన్నీ వడ్డించడం నిషేధిస్తూ, లోపలి భాగం 63 డిగ్రీల వద్ద 30 నిమిషాలు లేదా అందుకు సమానంగా ఉడకాలని నిబంధన పెట్టారు.

ఈ ఉష్ణోగ్రతల లెక్క కూడా అందరికీ ఒకటి కాదు. ఫ్రాన్స్ పరిశోధకులు పంది కార్జంతో చేసే ముద్ద వంటకంపై ప్రయోగం చేసి, అందులోని వైరస్‌ను పూర్తిగా నిర్వీర్యం చేయాలంటే 71 డిగ్రీల వద్ద 20 నిమిషాలు కావాలని తేల్చారు. అదే దేశానికి చెందిన కోర్సికా ద్వీపంలో పంది కార్జంతో చేసి, ఆరబెట్టి, పచ్చిగానో కాస్త కాల్చో తినే ఫిగతెల్లు అనే సాసేజ్‌కు హెపటైటిస్-ఇతో సంబంధం ఉందని 2010లో బయటపడింది. తరతరాల వంటకం కావడంతో తయారీదారులు నొచ్చుకోవడం సహజమే. కానీ ఫ్రాన్స్‌లోని తులూజ్ నగర వైద్యులు 2008లోనే మరో సంగతి చూపించారు. అవయవ మార్పిడి చేయించుకుని ఈ వైరస్ సోకిన 14 మంది రోగుల్లో 8 మందికి జబ్బు వచ్చి పోకుండా దీర్ఘకాలికంగా నిలిచిపోయింది. వచ్చి తనంతట తగ్గిపోయే కామెర్లే కదా అన్న భరోసా అందరికీ వర్తించదన్నమాట.

బ్రిటన్‌లో వాదన ఇంకో మలుపు తిరిగింది. 2012 అక్టోబరు నుంచి ఏడాదిపాటు ఆగ్నేయ ఇంగ్లండ్‌లో దాదాపు 2,25,000 రక్తదానాలను పరీక్షిస్తే 79 మంది దాతల రక్తంలో, అంటే సుమారు 2,850 మందిలో ఒకరికి, వైరస్ కనిపించింది. వారిలో అత్యధికులకు తమకు ఏదైనా సోకిందన్న స్పృహే లేదు. 2017 ఏప్రిల్ నుంచి అక్కడ రక్తదానాలన్నిటికీ పరీక్ష వచ్చింది. నెదర్లాండ్స్‌లో అదే ఏడాది, జర్మనీలో 2020లో ఈ పరీక్ష అమల్లోకి వచ్చింది. అంతకు ముందే, 2013లో బ్రిటన్ కబేళాల్లో 629 పందులను పరీక్షించగా 92.8 శాతంలో యాంటీబాడీలు, సుమారు 6 శాతం పందుల రక్తంలో వైరస్ కనిపించాయి. అక్కడి పెంపకందారులు పట్టుకున్న అంశం మాత్రం మరొకటి. బ్రిటిష్ రోగుల్లో ఎక్కువగా కనిపించే ఉపరకం, బ్రిటిష్ పందుల్లో కనిపించే ఉపరకం వేరువేరు. అందువల్ల తప్పు దిగుమతి మాంసానిదని వారన్నారు. గణాంకపరంగా అది కాదనలేని మాటే. అయితే పరీక్ష అక్కర్లేదనడానికి అది వాదం కాదు, దిగుమతులనూ పరీక్షించాలనడానికే బలం.

పరిశ్రమ వాదనలో నిజంగా బరువున్న భాగం ఒకటుంది. ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష వైరస్ జన్యుపదార్థాన్ని పట్టుకుంటుంది గానీ ఆ వైరస్ బతికి ఉందో లేదో చెప్పదు, ప్రయోగశాల కణాల్లో దీన్ని పెంచి చూడటం కష్టం. యాంటీబాడీలు పంది చిన్నతనంలో ఎప్పుడో సోకిందన్న సంగతిని మాత్రమే చెబుతాయి. సాధారణంగా రెండు నుంచి నాలుగు నెలల వయసులో సోకి, ఆరు నెలలకు కబేళా చేరే నాటికి చాలా పందుల్లో వైరస్ తగ్గిపోయి ఉంటుంది. అందుకే విడివిడి పందుల కంటే మందలను పరీక్షించి, ఆలస్యంగా సోకిన మందలను కార్జం వంటకాలకు పంపకుండా ఆపడం మేలనే మధ్యేమార్గాన్ని కొందరు శాస్త్రవేత్తలు సూచిస్తున్నారు.

అయితే ‘పరీక్ష అసాధ్యం’ అన్న మాటకు చరిత్రే అడ్డం వస్తుంది. పంది కండరాల్లో దాగే ట్రైకినెల్లా పురుగు కారణంగా 1865లో జర్మనీలోని హెడెర్స్‌లేబెన్‌లో 300 మందికి పైగా జబ్బుపడి సుమారు వంద మంది చనిపోయాక, 1877లో నాటి జర్మన్ రాజ్యమైన ప్రష్యా ప్రతి పంది మాంసాన్నీ సూక్ష్మదర్శినితో చూడాలని చట్టం చేసింది. ఖర్చు, కాలయాపన అనే అభ్యంతరాలు అప్పుడూ ఉన్నాయి. ట్రైకినెల్లా కోసం పరీక్ష నేటికీ యూరప్‌లో అమ్మకానికి వచ్చే అడవి పందులన్నిటికీ తప్పనిసరి.

మన సంగతికి వస్తే, పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పరిశోధకులు 2002లోనే భారతీయ పందుల్లో నాలుగో జన్యురూపాన్ని గుర్తించారు. మన రోగుల్లో మాత్రం దాదాపుగా కనిపించేది నీటితో వచ్చే ఒకటో రకమే. అందుకే ఇక్కడ పంది మాంసం చర్చలోకి రాలేదు. అనుమతి లేకుండా అడవి పందిని వేటాడటం చట్టవిరుద్ధం కనుక, దొంగచాటుగా పంచుకునే ఆ మాంసం ఏ పశువైద్యుడి కంటా పడదు.

ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2017లో వేసిన లెక్క ప్రకారం పదేళ్లలో 21,000కు పైగా కేసులు, 28 మరణాలు నమోదయ్యాయి, కేసులు పది రెట్లు పెరిగాయి. జర్మనీలో శిక్షణ పొందిన వేటగాడే తాను కొట్టిన అడవి పంది నుంచి చిన్న కండ ముక్క కోసి ట్రైకినెల్లా పరీక్షకు పంపుతాడు. అదే సంచీలో ఒక కార్జం ముక్క కూడా వేయమని ఐరోపా చట్టం ఇప్పటికీ అడగడం లేదు.