గోడ దాటే తిత్తులు

గుంటూరులో మైక్రోబయాలజీ చదివే రోజుల్లో క్రిప్టోకాకస్‌ను మొదటిసారి చూశాను. మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) రోగి వెన్నునీటి చుక్కలో ఇండియా ఇంక్ కలిపి మైక్రోస్కోప్ కింద పెట్టారు మా మేడమ్. కాటుకలాంటి నలుపులో గుండ్రటి కణాలు, ఒక్కోదాని చుట్టూ తెల్లటి వలయం. "ఆ వలయం చక్కెర కవచం. మన తెల్లకణాలు దాన్ని మింగకుండా అడ్డుపడేది అదే" అన్నారు. పావురాల రెట్టల్లో పెరిగే ఫంగస్ ఇది. హెచ్‌ఐవీ ముదిరి రోగనిరోధక శక్తి పడిపోయినవాళ్లకు ప్రాణం మీదికి తెస్తుంది.

నాకో సందేహం పట్టుకుంది. అంతంత పొడవు చక్కెర గొలుసులు కణం లోపల తయారై, దాని గట్టి గోడను దాటి బయటికెలా వచ్చాయి?

2007లోనే దీనికి జవాబు దొరికిందని తర్వాత తెలిసింది. కొవ్వుపొర చుట్టిన తిత్తుల్లో మూటకట్టుకుని వస్తాయట! వెంట్రుక అడ్డుకొలతలో ఆ తిత్తులు వరసగా కొన్ని వందలు పడతాయి. చక్కెరతో పాటు లాకేజ్, యూరియేజ్ లాంటి ఎంజైములూ వాటిలో ఉంటాయి. వ్యాధిని ముదరబెట్టే సరుకంతా ఒకే మూటలో.

దీని దాయాది క్రిప్టోకాకస్ గట్టీ. కెనడాలోని వాంకూవర్ ప్రాంతంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ సోకింది. 2018లో వచ్చిన ఒక పరిశోధన నన్ను కదిలించింది. అంత ఉధృతం లేని రకాన్ని మింగి ఉన్న మాక్రోఫేజ్ కణానికి (క్రిముల్ని మింగే మన తెల్లకణం) ఈ ఉధృతమైన రకం వదిలిన తిత్తులు అందితే, అవి లోపలున్న ఫంగస్ దగ్గరికే చేరతాయి. అంతవరకూ అణిగి ఉన్నది గబగబా పెరిగిపోతుంది. దూరంగా ఉన్న తోటివాడికి కబురందినట్టే.

అయితే ఆ తిత్తులు మన కాపలా కణాలనూ మేల్కొలుపుతాయి. తేనెపట్టును తినే మైనపు పురుగు లార్వాలకు ముందుగా కాండిడా అనే మరో ఫంగస్ తిత్తులు ఎక్కించి, తర్వాత అదే ఫంగస్ సోకిస్తే, ఒంట్లో దాని సంఖ్య తగ్గింది. టీకా ఆశలు పుట్టింది ఇలాంటి ప్రయోగాల నుంచే.

2021లో బ్లాక్ ఫంగస్ సోకిన మా బంధువు కోసం విజయవాడలో మందుల షాపులన్నీ తిరిగాం. ఎక్కడ అడిగినా ఫంగస్‌ను చంపే లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ మందు లేదనేవాళ్లు. ఆ మందు కూడా కొవ్వుపొర తిత్తుల్లోనే ఉంటుంది. కాండిడా, క్రిప్టోకాకస్‌ల మీద చూస్తే, ఆ తిత్తులు చెక్కుచెదరకుండా ఫంగస్ గోడలోంచి లోపలికి దూరుతున్నాయి. మూడోరోజు రాత్రి మాకు దొరికిన సీసాలో పసుపుపచ్చ పొడి ఉంది. నర్సమ్మ అందులో నీళ్లు పోసి, చాలాసేపు గట్టిగా కుదిపింది.