తలంబ్రాల చేతికి దువ్వెన పళ్ళు

మా పక్కింటి అమ్మాయి వాళ్ళ అమ్మానాన్నల పెళ్ళి క్యాసెట్‌ను కంప్యూటర్లోకి ఎక్కించి తెచ్చింది. 2003లో ఇక్కడే తిరుపతిలో జరిగిన పెళ్ళి, మినీ డీవీ అనే చిన్న డిజిటల్ టేపు. తలంబ్రాల దగ్గర ఆపి చూపించింది. అందరూ బాగానే ఉన్నారు, పెళ్ళికొడుకు చెయ్యి మాత్రం దువ్వెన పళ్ళలా చీలికలు చీలికలు. టేపుకు దిష్టి తగిలిందని వాళ్ళ అవ్వ తేల్చేసింది. దిష్టీ లేదు, టేపు పాడవనూ లేదు.

అలిపిరి దారిలో మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కేవాళ్ళను చూసుంటారు. అక్క 1, 3, 5 అంటూ బేసి మెట్లకే పెట్టుకుంటూ పైదాకా పోయింది, ఆ తర్వాత చెల్లెలు మొదటినుంచి వచ్చి సరి మెట్లు పూర్తిచేసింది అనుకోండి. పాత టీవీ బొమ్మ గీసేది అచ్చం ఇట్లాగే, కాకపోతే పైనుంచి కిందికి. మన పాత టీవీ ప్రసార పద్ధతి పేరు పాల్, అందులో కనిపించే గీతలు 576. ఒక్కో విడతకు 288, సెకనుకు 50 విడతలు. ఆ విడత పేరే ఫీల్డు, ఇట్లా గీత విడిచి గీత గీయడం ఇంటర్లేస్. సెకనుకు 25 సార్లే వెలిగితే తెర మిణుకుమంటుంది, 50 నిండు బొమ్మలు పంపాలంటే ప్రసారానికి రెట్టింపు చోటు కావాలి, అందుకని ఈ సగం సగం బేరం. ఇంత తెలివైన పిసినారితనం నేనింకెక్కడా చూడలేదు.

చిక్కల్లా ఏమంటే, అక్కకూ చెల్లెలికీ నడుమ సెకనులో 50వ వంతు గడిచిపోయింది. సెకనుకు రెండు మీటర్లు కదిలే చెయ్యి ఆలోపు 4 సెంటీమీటర్లు జరుగుతుంది. పాత టీవీ ఒకరి తర్వాత ఒకరిని చూపించేది కాబట్టి ఏమీ తెలిసేది కాదు. కంప్యూటర్ ఇద్దరినీ ఒకేసారి నిలబెడుతుంది, అవే పళ్ళు.

పళ్ళకంటే నాకు భయం వరసతోనే. మొదటి గీత ఉన్నది పై ఫీల్డు, రెండో గీత ఉన్నది కింది ఫీల్డు. డీవీలో కింది ఫీల్డు ముందు, 1080ఐ అనే ఇంటర్లేస్డ్ హెచ్‌డీలో పై ఫీల్డు ముందు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇది తారుమారైతే ఫీల్డుల వరస 1, 2, 3, 4 కాస్తా 2, 1, 4, 3 అవుతుంది, అంటే చెయ్యి మూడడుగులు ముందుకు, ఒకటి వెనక్కి, వణుకుతూనే ఉంటుంది. బొమ్మను ఒక్క గీత కిందికి జరిపినా ఇదే గొడవ, అక్క బొట్లన్నీ చెల్లెలి మెట్ల మీదికి పోతాయి. సైజు తగ్గిస్తే ఇంకా ఘోరం. 3550 మెట్లను 2000 మెట్లుగా కరిగించి పోస్తే ఏ బొట్టు ఎవరిదో ఆ స్వామికే తెలియాలి. అందుకే డీఇంటర్లేస్ (ఫీల్డులను విడదీసి నిండు బొమ్మలు చేయడం) ముందు, సైజు మార్చడం తర్వాత. ఎడిటింగ్ నేర్పేవాళ్ళు ఎఫెక్టులకు వారం రోజులు పెడతారు, దీనికి అరగంట పెట్టరు.

ఇంకో మాట. ప్రోగ్రెసివ్‌గా, అంటే గీతలన్నీ ఒకేసారి తీసిన వీడియో కూడా ఒక్కోసారి ఇంటర్లేస్డ్ ముద్రతో వస్తుంది. రెండు ఫీల్డులూ ఒకే క్షణానివి, దాన్ని విడదీస్తే ఉన్న స్పష్టత పోతుంది. కదిలే చోట ఆపి చూడండి, పళ్ళు లేకపోతే ముట్టుకోవద్దు.

ఈ టేపుకు లోయర్ ఫీల్డ్ ఫస్ట్ అని పెట్టి, ఖాళీ గీతలను చుట్టుపక్కల గీతలను బట్టి పూరించే ఫిల్టర్‌తో ప్రతి ఫీల్డునూ నిండు బొమ్మ చేసి, సెకనుకు 50 ఫ్రేములుగా తీశాను. చాలామంది 25తో సరిపెట్టి చెల్లెలి కష్టమంతా పారేస్తారు. ఇప్పుడు బియ్యం ఎటు పోతున్నాయో తెలుస్తోంది. అవ్వ కళ్ళజోడు సర్దుకుని, "అప్పుడే చెప్తి కదా, సగం అయ్యవారి నెత్తినే పోసినాడని" అనింది.