మెరుపు ఒక్క క్షణమే వెలగాలంటే

పిల్లలూ,

మొన్న పెద్దపాప ఫోన్ చేసి అడిగింది. "తాతయ్యా, మా స్కూల్ షార్ట్ ఫిల్మ్‌లో పిడుగు పడే చోట మాత్రమే గ్లో, అంటే వెలుగు, రావాలి. వీడియోకి ఎఫెక్ట్‌లు వేసే ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎఫెక్ట్ పక్కనున్న ఎఫ్ఎక్స్ బటన్ నొక్కితే మొదటి నుంచి చివరిదాకా వస్తోంది, మళ్లీ నొక్కితే మొత్తం పోతోంది. మధ్యలో ఆన్, ఆఫ్ చేయడం ఎలా?" పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి బతికినవాణ్ణి, ఫోన్‌లోనే చెప్పేయొచ్చు. ఉత్తరమైతే మిగతావాళ్లూ చదువుతారని రాస్తున్నాను.

మాది కృష్ణా డెల్టా. ఎండాకాలం రాగానే కాలువలు కట్టేసేవాళ్లు. పైన బ్యారేజీ దగ్గర ఆపేస్తే కింద ఏ ఊరికీ చుక్క రాదు. మీరు నొక్కుతున్న ఎఫ్ఎక్స్ బటన్ అలాంటిది. లేయర్, అంటే టైమ్‌లైన్‌లో మీ క్లిప్ ఉన్న వరుస, ఉన్నంతసేపూ ఎఫెక్ట్ ఉంటుంది, లేదంటే అసలు ఉండదు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఆ బటన్‌కి కీఫ్రేమ్, అంటే ఫలానా క్షణానికి ఫలానా విలువ అని రాసే గుర్తు, పెట్టడం కుదరదు. ఎఫెక్ట్ ఉంటే ఎలా ఉంది, తీసేస్తే ఎలా ఉంది అని పోల్చి చూసుకోవడానికే అది.

మనకి కావాల్సింది పొలం తూము. నీళ్లకి కటకటైన ఏడాది పొలాలకు వంతులు వేసేవాళ్లు. షట్టర్ ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో లస్కర్, అంటే కాలువ నీళ్లు చూసుకునే మనిషి, ఒక చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. మేం ఆయన వెంట తిరిగేవాళ్లం, నీళ్ల కోసం కాదు. షట్టర్ దించాక బోదెలో, అంటే పిల్లకాలువలో, నీళ్లు తగ్గితే అడుగున చిన్నచేపలు గిలగిల్లాడేవి. తువ్వాలు అడ్డం పట్టి పట్టేవాళ్లం. ఇంటికెళ్తే బురద లాగులు చూసి మా అమ్మ ముందు వీపు మీద ఒకటి వేసేది, ఆ తర్వాతే పులుసు పెట్టేది. లస్కర్ మాత్రం ఎంత పెద్ద రైతు వచ్చి బతిమాలినా రాసిన వేళకు ముందు షట్టర్ మీద చెయ్యి వేసేవాడు కాదు. అలాంటి మనుషులుంటేనే కాలువ చివరి పొలందాకా నీళ్లు అందేది, అది గుర్తుంచుకోండి.

కంప్యూటర్ కూడా రాసిందే చేస్తుంది. గ్లో ఎఫెక్ట్‌లో ఇంటెన్సిటీ అని ఉంటుంది, అదే మీ షట్టర్. దాని పక్కన స్టాప్‌వాచ్ బొమ్మ నొక్కితే పుస్తకం తెరిచినట్టే. మొదటి ఫ్రేమ్ దగ్గర సున్నా పెట్టండి. నాలుగో సెకను దగ్గర ఒకటి. ఆరు ఫ్రేములు దాటాక మళ్లీ సున్నా. అవే కీఫ్రేములు. మొదటి సున్నా మర్చిపోయారా, నాలుగో సెకనులో పెట్టిన ఒకటే మొదటి నుంచీ అమలవుతుంది, వీడియో మొదలైనప్పట్నుంచే వెలుగు.

ఇంతా చేసి ప్లే చేస్తే టెన్షన్ పడకండి, ఇంకొకటుంది. మెరుపు మొదటి నుంచీ మెల్లమెల్లగా పెరుగుతూ వస్తుంది. మన లస్కర్ వేళ అయ్యేదాకా గట్టు మీద కూర్చునేవాడు. కంప్యూటర్ లస్కర్ కూర్చోడు, మొదటి రాత నుంచి రెండో రాతదాకా షట్టర్‌ని అంగుళం అంగుళం ఎత్తుతూనే ఉంటాడు. తెల్లవారే సీన్‌కి అది బాగుంటుంది, పిడుగుకి పనికిరాదు. కీఫ్రేములన్నీ సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్ చేసి, టాగుల్ హోల్డ్ కీఫ్రేమ్ నొక్కండి. అప్పుడు తర్వాతి కీఫ్రేమ్ వచ్చేదాకా కదలడు, వచ్చాక ఒక్కసారిగా ఎత్తేస్తాడు.

కొన్ని ఎఫెక్ట్‌లకు ఇలా సున్నా చేయడానికి ఇంటెన్సిటీ లాంటిదేమీ ఉండదు. వాటికి కింద కంపోజిటింగ్ ఆప్షన్స్‌లో ఎఫెక్ట్ ఒపాసిటీ ఉంటుంది, దాన్ని సున్నాకీ వందకీ మధ్య ఇలాగే నడపండి. అదీ వద్దనుకుంటే ఎఫెక్ట్‌ని ఒక అడ్జస్ట్‌మెంట్ లేయర్ (తన కింద ఉన్న లేయర్లన్నిటికీ ఎఫెక్ట్ అందించే ఖాళీ లేయర్) మీద వేసి, ఆ లేయర్‌ని కావాల్సినంత పొడవుకే కత్తిరించండి. నేనైతే ఎక్కువగా ఇదే చేసేవాణ్ణి. టైమ్‌లైన్‌లో కంటికి కనపడుతుంది, జరపడమూ తేలిక.

ఆన్ చేయడం అందరికీ సరదానే. పెళ్లి వీడియోలో జీలకర్ర బెల్లం పెట్టే క్షణానికి తళుకులు వేస్తే బాగుంటుంది. భోజనాల పంక్తిలో సాంబారు వడ్డించేటప్పుడు కూడా తళుకులెందుకు? అవి తీసేస్తే పెళ్లివాళ్లు నొచ్చుకుంటారని ఉంచిన వీడియోలూ ఉన్నాయి, అవి మీకు చూపించను.

ఇంతకీ ఆ ఆరు ఫ్రేములు ఏదో లెక్క కోసం రాశాను. అసలు మెరుపు అంతసేపు ఒకేలా వెలగదు. మనకి ఒక్కటిగా కనిపించే మెరుపులో చాలాసార్లు మూడు నాలుగు మెరుపులుంటాయి, ఒకదాని వెంట ఒకటి, అదే దారిలో. మధ్యలో ఖాళీ సెకనులో వందో వంతులు కొన్ని, అంతే. సెకనుకి 25 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేమ్ సెకనులో నాలుగు వందో వంతులు. అంటే ఒక ఫ్రేమ్ వెలుగు, ఒకటో రెండో చీకటి, మళ్లీ వెలుగు. ఆకాశంలో అంత పెద్ద పని ఎవరూ పుస్తకంలో రాయకుండానే అయిపోతుంది. ఎన్ని ఏళ్లు చూసినా నాకు ఆశ్చర్యం తీరలేదు.

ఈసారి ఉరుముల వాన వస్తే డాబా ఎక్కకండి. గదిలోనే, కిటికీకి కాస్త దూరంగా ఫోన్ పెట్టి వీడియో తీయండి. తర్వాత ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ ఏ ఫ్రేమ్‌లో వెలుగుందో, దేనిలో లేదో కాగితం మీద రాయండి. ఆ అంకెలే మీ టైమ్‌లైన్‌లో పెట్టండి. ఆ కాగితం నాకూ ఫొటో తీసి పంపండి.

మీ తాతయ్య