కొబ్బరి పిండి కేకు ఎందుకు విరిగిపోతుంది?

పెరటాసి శనివారాలు వచ్చినా, కాణిపాకం వెళ్లివచ్చినా తిరుపతి, చిత్తూరు ఇళ్లలో టెంకాయ చిప్పలు పోగుపడతాయి. పచ్చడి, కొబ్బరన్నం అయ్యాక మిగిలినవి కోరి పాలు తీస్తారు. పాలు పిండగా మిగిలిన పిప్పిని చాలామంది పారేస్తారు. ఆ పిప్పినే ఆరబెట్టి మెత్తగా పొడి చేస్తే వచ్చేది కొబ్బరి పిండి. చిన్న ప్యాకెట్లలో ఖరీదు పెట్టి కొంటున్నది దాన్నే.

దీన్ని వెతుక్కునేవారిలో సీలియాక్ జబ్బు ఉన్నవారు ముందుంటారు. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ అనే ప్రొటీన్ కడుపులోకి వెళితే వీరి రోగనిరోధక వ్యవస్థ సొంత చిన్నపేగు గోడలనే దెబ్బతీస్తుంది. ప్రపంచంలో సుమారు నూటికి ఒకరికి ఈ జబ్బు ఉంటుందని అంచనా. మన దేశంలో గోధుమ ఎక్కువగా తినే ఉత్తరాదిలోనే ఇది ఎక్కువ. అన్నం, రాగిసంగటి తినే మనకు రోజువారీ భోజనంతో పేచీ లేదు. శ్రీవారి లడ్డూ దిట్టంలో, అంటే సరుకుల కొలతల పట్టికలో, ఉన్నది కూడా శనగపిండే. చిక్కంతా పుట్టినరోజున కేకు దగ్గర వస్తుంది.

మైదా కేకులో గ్లూటెన్ ఏం చేస్తుందో కళ్లారా చూడవచ్చు. గుప్పెడు మైదాను గట్టిగా ముద్ద చేసి, పావుగంట నాననిచ్చి, కుళాయి కింద పిసుకుతూ కడగండి. పిండిపదార్థం తెల్లని నీళ్లుగా కారిపోతుంది. చివరికి చేతిలో లాగితే సాగే బంకముద్ద మిగులుతుంది. గ్లయడిన్, గ్లుటెనిన్ అనే రెండు ప్రొటీన్లు నీళ్లు తగిలి ఒకదాన్నొకటి పెనవేసుకుంటే వచ్చే పదార్థమిది. బేకింగ్ పౌడర్ నుంచి వచ్చే గాలి బుడగలను ఇది పట్టి ఉంచుతుంది. కేకులో ఈ పట్టు కొంచెం చాలు, బ్రెడ్డుకు మాత్రం చాలా కావాలి. అందుకే గ్లూటెన్ లేని కేకు సులువు, గ్లూటెన్ లేని బన్ను కష్టం.

కొబ్బరి పిండిలో ఈ ప్రొటీన్లు లేవు. బియ్యప్పిండిలోనూ లేవు కానీ, దానిలోని పిండిపదార్థం వేడికి గంజిలా చిక్కబడి కాస్త పట్టు ఇస్తుంది. కొబ్బరి పిండిలో ఆ పిండిపదార్థం కూడా చాలా తక్కువ. అందులో మూడో వంతుకు పైగా పీచే. చెంచాడు పిండిలో రెండు చెంచాల నీళ్లు పోసి కాసేపు ఆగి చూడండి. నీళ్లు మాయమై తడి ఇసుకలాంటి కుప్ప మిగులుతుంది. వేలితో నొక్కితే అణుగుతుంది, సాగదు. మైదాకు బదులు అదే కొలత కొబ్బరి పిండి వేసినవారి కేకు విరిగిపోవడానికి కారణం ఇదే. తేమంతా పీచు తాగేసింది, పట్టి ఉంచేది ఏదీ మిగల్లేదు. కప్పు మైదా వేసే చోట పావు కప్పు, మహా అయితే మూడో వంతు కప్పు చాలు. కలిపాక పది నిమిషాలు ఆగాలి. పీచు తాగాల్సింది తాగాకే పిండి అసలు జారుడు తెలుస్తుంది.

మరి కేకును నిలబెట్టేది ఎవరు? గుడ్డు. వేడికి గుడ్డులోని ప్రొటీన్లు గడ్డకట్టి, అప్పటికి ఉబ్బిన బుడగల చుట్టూ గోడలా బిగుసుకుంటాయి. అరకప్పు కొబ్బరి పిండికి మూడు నాలుగు గుడ్లు పడతాయంటే కారణం అదే. గుడ్డు తినని ఇళ్లలో మందుల దుకాణంలో దొరికే ఇసబ్గోల్ పొట్టు పనికొస్తుంది. నీళ్లలో నానితే అది జిగురుగా మారి ముక్కలను అంటిపెట్టుకునేలా చేస్తుంది. అయితే గుడ్డులా గట్టిపడదు కాబట్టి కేకు తక్కువగా పొంగుతుంది, కాస్త బరువుగా ఉంటుంది. గుడ్డు లేకుండా కేవలం కొబ్బరి పిండితో మెత్తని కేకు చేయాలనుకోవడం అత్యాశే. మూడు వంతులు బియ్యప్పిండికి ఒక వంతు కొబ్బరి పిండి కలిపితే కొబ్బరి వాసనా దక్కుతుంది, ముక్క కోస్తే విరగదు. బియ్యప్పిండిలో కొంత తగ్గించి రాగిపిండి వేస్తే రంగు నల్లబడుతుంది కానీ రుచికి ఢోకా లేదు.

పిప్పిని ఇంట్లో పొడి చేసేవారు దాన్ని పూర్తిగా ఆరనివ్వాలి. తేమ ఉంటే బూజు పడుతుంది. మిక్సీని ఆపి ఆపి తిప్పాలి. ఏకబిగిన తిప్పితే జార్ వేడెక్కి, మిగిలిన నూనె బయటికి వచ్చి పిండి అడుగున చెక్కలా అంటుకుంటుంది. ఎండుకొబ్బరి పొడి దీనికి బదులు కాదు. అందులో సగానికి పైగా నూనే. దాంతో చేస్తే కేకు నూనె కక్కుతుంది.

సీలియాక్ ఉన్నవారికి మరో జాగ్రత్త, నా లెక్కలో ఇదే అన్నిటికన్నా పెద్దది. కిలో ఆహారంలో 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉంటే దాన్ని గ్లూటెన్ లేనిదిగా అమ్మకూడదు. మైదాలో పదో వంతుకు కాస్త తక్కువగా గ్లూటెన్ ఉంటుంది కాబట్టి, కిలో పిండిలో పావు గ్రాము మైదా కలిసినా ఆ గీత దగ్గరికి వచ్చేసినట్టే. అంటే చిటికెడు కూడా అక్కర్లేదు. వీధిలోని పిండిమరలో మనకన్నా ముందు ఎవరో గోధుమలు ఆడించి ఉంటారు, ఆ దుమ్ము మన బియ్యప్పిండిలోకీ రాగిపిండిలోకీ వస్తుంది. వంటింట్లో ఇంగువ డబ్బా మీద చిన్న అక్షరాలు చదవండి. పిండి కలిపి అమ్మే కూటు ఇంగువలో చాలాసార్లు మైదా ఉంటుంది. ఇంట్లో సీలియాక్ ఉన్నవారు ఉంటే బియ్యం, రాగులు కడిగి ఆరబెట్టి, గోధుమ తగలని మిక్సీ జార్‌లో పొడి చేసుకోవడమే మేలు. జల్లెడ కూడా విడిగా ఉండాలి. పాత జల్లెడ సందుల్లో ఇరుక్కున్న పిండి ఎంత కడిగినా ఒక పట్టాన వదలదు.