కాటకోంబుల్లో ఉన్నవాళ్లంతా వేదసాక్షులేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

కాటకోంబులంటే రోములో తొలి క్రైస్తవులు చనిపోయినవాళ్లను పూడ్చిన భూగర్భ సమాధులు. వేదసాక్షులంటే విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్లు. పోయిన నెల కూడా ఒకావిడ వాట్సాప్‌లో ఫొటో పంపారు. రూపాయి బిళ్లంత ఇత్తడి డబ్బీ, పైన అద్దం, లోపల ఎర్రగుడ్డ మీద బియ్యపు గింజంత ఎముక ముక్క. "బ్రదర్, రోములో కాటకోంబుల నుంచి తీసిన వేదసాక్షిదట. 22 వేలకి ఇస్తామంటున్నారు. తీసుకోమంటారా?"

వద్దమ్మా. పవిత్ర అవశేషాలు అమ్మడం శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం 1190వ నియమం ప్రకారం పూర్తిగా నిషిద్ధం. అమ్ముతున్నాడంటేనే అక్కడ ఆగిపోవాలి. అయినా అడుగుతూనే ఉంటారు, కొనేసి తర్వాత అడిగేవాళ్లే ఎక్కువ. 11 ఏళ్లుగా మనవాళ్ల బృందాలతో రోములో ఆప్పియా రోడ్డు మీది పునీత కలిస్టస్ కాటకోంబుకి వెళ్తున్నాను. లోపల గైడు చెప్పేది తెలుగులో చెప్పడం నా పని. ఈ డబ్బీల గొడవంతా ఒకే అపోహ నుంచి వస్తోందని నాకు అనిపిస్తుంది.

అపోహ: కాటకోంబుల్లో పూడ్చినవాళ్లంతా వేదసాక్షులే.

వాస్తవం: కాదు. అది సమాధుల తోట. మన ఊరి సమాధుల తోటలో ఎవరుంటారో అక్కడా వాళ్లే: జ్వరమొచ్చి పోయినవాళ్లు, పురిట్లో పోయినవాళ్లు, ముసలితనంతో పోయినవాళ్లు. ఊరి గోడ లోపల శవాన్ని పూడ్చకూడదని రోమనుల చట్టం. అందుకే బయటి రోడ్ల వెంట తవ్వుకున్నారు. అక్కడి నేల అగ్నిపర్వతపు మెత్తరాయి. తవ్వేటప్పుడు లొంగుతుంది, గాలి తగిలాక గట్టిపడుతుంది. క్రీ.శ. 199 ప్రాంతంలో పోపు జెఫిరినుస్ ఈ తోట బాధ్యతను కలిస్టస్ అనే డీకన్‌కి (గురువు కింది హోదా) అప్పగించారు. తర్వాత ఆయనే పోపు అయ్యారు.

లోపలికి దిగితే రెండు పక్కలా గోడల్లో అరల మీద అరలు. వాటిలో మూరెడు పొడవున్నవి ఎన్నో. మొదటిసారి వెళ్లినప్పుడు దీపాలు పెట్టుకోవడానికేమో అనుకున్నాను. చంటిబిడ్డల సమాధులవి. ఇది చెప్పగానే మా బృందంలో తల్లులు నిశ్శబ్దమైపోతారు.

మరి వేదసాక్షులు లేరా? ఉన్నారు. పోపుల గది అని ఒకటుంది, 3వ శతాబ్దంలో 9 మంది పోపులను అందులో ఉంచారు. 250లో చంపబడిన పోపు ఫాబియన్ రాతిపలక అక్కడ దొరికింది. గ్రీకులో పేరు, పక్కన 'బిషప్' అని. ఆ తర్వాత 'వేదసాక్షి' అనే మాటకి గుర్తుగా ముడివేసిన అక్షరాలు. ఆ చివరి గుర్తు తర్వాత వేరే చేతితో చెక్కింది. సాక్షాత్తూ పోపుగారి పలక మీదే ఆ మాట ఆలస్యంగా వచ్చింది, మనం మాత్రం ఏ ఎముక దొరికితే దానికి తగిలించేస్తున్నాం.

ఇంకో సంగతి. 9వ శతాబ్దంలోనే పోపులు అక్కడి వేదసాక్షుల అవశేషాలను ఊళ్లోని గుళ్లకు తరలించారు. పునీత సిసిలియా అవశేషాలు 821లో ట్రస్టెవెరె గుడికి వెళ్లాయి. కాటకోంబులో ఇప్పుడు పడుకుని కనిపించేది 1600లో స్టెఫనో మదెర్నో చెక్కిన విగ్రహానికి నకలు. అది శరీరమే అనుకుని కన్నీళ్లు పెట్టుకునేవాళ్లు ప్రతి బృందంలోనూ ఉంటారు.

డబ్బీల కథ ఆ తర్వాతిది. 16వ శతాబ్దం చివర్లో కాటకోంబులు మళ్లీ బయటపడ్డాక యూరప్ అంతా వేదసాక్షుల ఎముకల కోసం ఎగబడింది. సమాధి మీద ఖర్జూర మట్ట గుర్తు, పక్కన ఎర్రటి మరకున్న గాజు సీసా ఉంటే వేదసాక్షి అనుకోవచ్చని 1668లో రోము నుంచే ఆదేశం వచ్చింది. ఆ సీసాల్లోది రక్తం కాదు, సుగంధ తైలం లాంటిదని తర్వాతి పండితులు తేల్చారు. అప్పటికే ఎముకలు దేశదేశాలకూ వెళ్లిపోయాయి.

ఇక్కడే ఫిలోమినాల సంగతి చెప్పాలి. మన విచారణల్లో (గుడి పరిధిలోని ఊళ్లలో) ఈ పేరు లేని వీధి ఉండదు. మా బృందంలో 70 ఏళ్ల ఫిలోమినమ్మ గారు బస్సులో నా పక్కన కూర్చుని మెల్లగా అడిగారు: "బాబూ, మా పునీతురాలిని తీసేశారంట కదా. మరి నా జ్ఞానస్నానం చెల్లుతుందా?" ఎన్నేళ్ల నుంచి ఆ టెన్షన్ మోస్తున్నారో పాపం.

జరిగింది ఇది. 1802లో ప్రిసిల్లా కాటకోంబులో ఒక సమాధి దొరికింది. మూసిన మూడు పెంకుల మీద అక్షరాలు తారుమారుగా ఉన్నాయి. సరిగ్గా పేర్చి చదివితే 'ఫిలుమెనా, నీకు శాంతి' అని వచ్చింది. మట్ట గుర్తుంది, సీసా ఉంది, ఇంకేం, వేదసాక్షి అన్నారు. ఆ పెంకులు వేరే సమాధివి, తిరిగి వాడినవి అని పురావస్తు పండితుడు మరుక్కి వాదించారు. 1961లో ఆమె పండుగను శ్రీసభ పండుగల పంచాంగం నుంచి తీసేశారు. ప్రార్థించుకోవద్దని ఎవరూ అనలేదు. ఇటలీలోని ముగ్నానోలో ఆమె గుడి తెరిచే ఉంది, మైసూరులో ఆమె పేరిట పెద్ద గుడే ఉంది. జ్ఞానస్నానం తండ్రి, కుమార, పవిత్రాత్మ నామమున జరిగిందమ్మా, పేరు మారితే నీళ్లు ఆవిరైపోవు అన్నాను. ఆవిడ నవ్వి, సంచిలోంచి నాకో జంతిక తీసిచ్చారు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

రోమనులు క్రైస్తవులను హింసించిన కాలంలో వాళ్లు కాటకోంబుల్లో దాక్కుని బతికేవారా? లేదు. ప్రభుత్వానికి ఆ చోటు బాగా తెలుసు. 257లో వలేరియన్ చక్రవర్తి క్రైస్తవులు సమాధుల తోటల్లోకి పోకూడదని ఆజ్ఞ ఇచ్చాడు. మరుసటి ఏడు ఆగస్టు 6న పోపు రెండవ సిక్స్తుస్‌ని అక్కడే పట్టుకుని చంపారు. దాక్కునే చోటైతే అలా దొరుకుతారా?

లోపల ఎముకల గుట్టలుంటాయా? చూపించే దారిలో ఉండవు, పిల్లల్ని నిశ్చింతగా తీసుకురండి.

మట్టి తెచ్చుకోవచ్చా? వద్దు. ఫొటోలు కూడా కుదరవు. జులైలో వచ్చినా శాలువా మాత్రం మరవకండి, కింద 15 డిగ్రీలే ఉంటుంది.