చెల్లుకు చెల్లు ఎప్పుడు చెల్లుతుంది?

పిల్లలూ,

గచ్చిబౌలి వైపు విదేశీ బ్యాంకుల ఆఫీసుల్లో ఉద్యోగాలకు చేరినవాళ్లు, సీఏ చదువుతున్నవాళ్లు, బీకాం రెండో ఏడాదిలోనే షేర్ మార్కెట్ గురించి గంటలు గంటలు మాట్లాడేవాళ్లు, మీ అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. నెట్టింగ్ అంటే ఏమిటని అడిగితే మీరంతా ఠక్కున ఒకే జవాబు చెబుతారు: మనకు రావాల్సిన దాంట్లోంచి మనం ఇవ్వాల్సింది తీసేసి మిగిలింది చూసుకోవడం. తప్పేం కాదు. కానీ ఆ తీసివేత మూడో తరగతి పిల్లలు కూడా చేస్తారు. అంతమాత్రం లెక్కకు ఇన్ని దేశాలు ప్రత్యేకంగా చట్టాలు ఎందుకు చేసుకున్నాయి, మన పార్లమెంటు 2020లో కరోనా మధ్యలో కూర్చుని అలాంటి చట్టం ఎందుకు పాస్ చేసింది అన్నదే అసలు సంగతి. బ్యాంకు ట్రెజరీలో పనిచేసిన రోజుల్లో ఆ చట్టం కోసం ఎదురుచూసినవాళ్లలో నేనూ ఒకదాన్ని, అందుకే ఇంత శ్రద్ధగా చెబుతున్నాను.

మామూలు రోజుల్లో ఇది పెద్ద విషయం కాదు. పక్కపక్క కొట్లవాళ్లు ఒకరి దగ్గర ఒకరు సరుకు తెచ్చుకుంటారు, నెలాఖరున ఇద్దరూ కూర్చుని చెల్లుకు చెల్లు వేసుకుని, మిగిలిన నాలుగు వేలో ఐదు వేలో చేతిలో పెట్టేస్తారు. ఇద్దరి వ్యాపారమూ బాగున్నంత కాలం ఏ చట్టమూ అక్కర్లేదు. ఇద్దరిలో ఒకరు ఐపీ పెట్టారనుకోండి, ఇక ఆ కొట్టు తాళాలు ఓనర్ చేతిలో ఉండవు, కోర్టు పెట్టిన మనిషి చేతిలోకి వెళ్తాయి. ఆయన మీ పాత మాటలు, మొహమాటాలు చూడడు, చూడకూడదు కూడా, ఎందుకంటే ఆ కొట్టుకు అప్పులిచ్చిన అందరి కోసం వీలైనంత డబ్బు పోగుచేయడం ఆయన పని.

ఇప్పుడు కొట్లు వదిలేసి రెండు బ్యాంకులు తీసుకుందాం. ఈరోజు మార్కెట్ ధరల ప్రకారం ఒక వడ్డీ రేటు స్వాప్‌లో (స్థిర వడ్డీకి బదులు మారే వడ్డీ ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం) అవతలి బ్యాంకు మనకు 100 కోట్లు బాకీ, ఒక డాలర్ ఫార్వర్డ్‌లో (రాబోయే తేదీకి డాలర్ రేటు ఇప్పుడే ఖాయం చేసుకునే ఒప్పందం) ఇంకో 20 కోట్లు బాకీ, మరో స్వాప్‌లో మాత్రం మనమే వాళ్లకు 70 కోట్లు బాకీ. అవతలి బ్యాంకు మునిగింది, అప్పులవాళ్లకు రూపాయికి 30 పైసలే వస్తాయని తేలింది. మూడు కాంట్రాక్టులనూ విడివిడిగా చూస్తే మనం ఇవ్వాల్సిన 70 కోట్లు పైసాతో సహా కట్టాలి, మనకు రావాల్సిన 120 కోట్లకు మాత్రం 36 కోట్లే వస్తాయి. అంటే నికరంగా మనకే 50 కోట్లు రావాల్సి ఉండగా, మనమే ఎదురు 34 కోట్లు ఇచ్చి రావాలి! కలిపి చూస్తే మనకు రావాల్సింది 50 కోట్లు, అందులో 15 కోట్లు చేతికొస్తాయి, 35 కోట్లు పోతాయి. రెండు చోట్లా నష్టమే, కానీ విడివిడిగా చూస్తే ఆ నష్టం 84 కోట్లు.

ఈ విడివిడిగా చూడటాన్నే చెర్రీ పికింగ్ అంటారు. దివాలా తీసిన సంస్థకు లాభం వచ్చే కాంట్రాక్టులను లిక్విడేటర్, అంటే ఇందాకటి కోర్టు పెట్టిన మనిషి, నడిపిస్తాడు, నష్టం వచ్చేవాటిని వదిలేస్తాడు. ఆయన దుర్మార్గుడై అలా చేయడు, చాలా దేశాల దివాలా చట్టం ఆయనకు ఆ హక్కు ఇచ్చింది. మామూలు వ్యాపార ఒప్పందాల్లో అది సబబే కావచ్చు. రెండు బ్యాంకుల మధ్య వేల డీల్స్ ఉన్నచోట మాత్రం ఒక బ్యాంకు పతనం రెండోదాన్ని కూడా లాక్కుపోతుంది.

ఒకడు ఇచ్చేశాక రెండోవాడు ఇవ్వకపోతే ఏమవుతుందో లోకానికి బాగా తెలిసొచ్చిన రోజు 1974 జూన్ 26. జర్మనీలో కొలోన్ నగరంలో హెర్‌స్టాట్ అనే బ్యాంకు ఉండేది, విదేశీ మారకం మీద విపరీతంగా పందాలు కాసి నిండా మునిగింది. అక్కడి అధికారులు ఆ రోజు జర్మనీలో బ్యాంకు చెల్లింపుల వేళ ముగిశాక దాన్ని మూసేశారు. అప్పటికి న్యూయార్క్‌లో ఇంకా ఉదయమే. ఎన్నో బ్యాంకులు జర్మన్ మార్కులు అప్పటికే కట్టేసి, వాటికి బదులుగా న్యూయార్క్‌లో రావాల్సిన డాలర్ల కోసం చూస్తున్నాయి. ఆ డాలర్లు రాలేదు. ఇప్పటికీ ఈ రకం ప్రమాదాన్ని హెర్‌స్టాట్ రిస్క్ అనే పిలుస్తారు. అదే ఏడాది చివర్లో పది పెద్ద దేశాల కేంద్ర బ్యాంకుల గవర్నర్లు ఒక కమిటీ వేశారు, బ్యాంకులు ఎంత మూలధనం ఉంచుకోవాలో చెప్పే, మీరు పరీక్షల కోసం బట్టీ పట్టే బాసెల్ నిబంధనలు ఆ కమిటీ పెట్టినవే. హెర్‌స్టాట్ వ్యవహారంలో ప్రధానంగా దెబ్బతిన్నది చెల్లింపు జరిగే ఆ కొద్ది గంటల్లో. స్వాప్‌ల సంగతి అలా కాదు, అవి ఐదేళ్లు, పదేళ్లు నడుస్తాయి, అన్నేళ్లూ అవతలివాడు బతికి ఉంటాడో లేదో అన్న టెన్షన్ తప్పదు.

దానికి మార్కెట్ వాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. ఇస్డా అనే సంస్థ 1985లో పుట్టింది, స్వాప్ డీలర్లు కలిసి పెట్టుకున్నది. వాళ్లు తయారుచేసిన మాస్టర్ అగ్రిమెంట్, ముఖ్యంగా 1992, 2002 నాటి రూపాలు, ఇవాళ ప్రపంచమంతా వాడుతోంది. దాంట్లో మొదట్లోనే ఒక చిన్న వాక్యం ఉంటుంది, చాలామంది చదవకుండా దాటేస్తారు: మనిద్దరి మధ్య ఎన్ని డీల్స్ జరిగినా అన్నీ కలిసి ఒకే ఒప్పందం అని. ఎంత తెలివైన మాటో చూడండి. వెయ్యి కాంట్రాక్టులుంటే లిక్విడేటర్ వాటిలో ఏరుకోవచ్చు, ఉన్నదే ఒక్కటైతే ఏం ఏరుకుంటాడు? అవతలివాడు డిఫాల్ట్ అయితే, అంటే కట్టాల్సింది కట్టలేకపోతే, మనం నోటీసు ఇస్తాం, అన్ని డీల్స్ ఒకే తేదీన ముగుస్తాయి, ఒక్కోదానికి ఆనాటి ధర కడతాం, అన్నిటినీ ఒకే కరెన్సీలోకి మార్చి, చివరికి ఒక్క అంకె మిగులుతుంది, ఎవరు ఎవరికి ఎంత అని. ఇదే క్లోజ్ అవుట్ నెట్టింగ్. ఒకే రోజు, ఒకే కరెన్సీలో అటూ ఇటూ కట్టాల్సినవాటిని కలిపి కట్టడం పేమెంట్ నెట్టింగ్, అది రోజువారీ సౌకర్యం మాత్రమే. మీలో కొలాటరల్ (హామీగా పెట్టే డబ్బు, బాండ్లు) టీమ్‌లో ఉన్నవాళ్లు పొద్దున్నే పంపే మార్జిన్ కాల్, అంటే ఇంకా హామీ పెట్టమని అడిగే నోటీసు, కూడా ఈ నికర అంకె మీదే ఆధారపడుతుంది.

సరే, కాగితం మీద ఎంత అందంగా రాసుకున్నా, దివాలా కోర్టు దాన్ని ఒప్పుకోకపోతే అది కాగితమే. మన దేశంలో జరిగింది సరిగ్గా అదే. మన బ్యాంకులూ ఇస్డా ఒప్పందాల మీద సంతకాలు పెట్టేవి, కానీ 2010లో రిజర్వ్ బ్యాంక్ స్పష్టంగా చెప్పేసింది, ఇద్దరి మధ్య నెట్టింగ్‌కు చట్టపరంగా నిస్సందేహమైన స్థితి లేదు కాబట్టి లెక్కల్లో రావాల్సినదాన్ని, ఇవ్వాల్సినదాన్ని కలిపి నికరంగా చూపకూడదని. అంటే పైన చెప్పిన ఉదాహరణలో మన ఎక్స్‌పోజర్, అంటే అవతలివాడు మునిగితే ప్రమాదంలో పడే మొత్తం, 50 కోట్లు కాదు, 120 కోట్లు. ఎక్స్‌పోజర్ పెరిగితే దానికి తగ్గట్టు మూలధనం పక్కన పెట్టాలి, ఆ ఖర్చు చివరికి డాలర్ రేటుకు కవర్ తీసుకునే ఎగుమతిదారు నెత్తిన పడుతుంది. మన దగ్గర ఫార్మా, ఐటీ కంపెనీలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు కదా, ఫార్వర్డ్‌లు తీసుకునేవాళ్లలో అలాంటివాళ్లూ ఉంటారు. అందుకే ఇది బ్యాంకుల సొంత గొడవ మాత్రమే అనుకోకండి.

ఒక చోట మాత్రం ముందే దారి దొరికింది. క్లియరింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 2002 ఫిబ్రవరిలో ప్రభుత్వ బాండ్ల సెటిల్‌మెంట్ మొదలుపెట్టింది, ఆ ఏడాదే డాలర్ రూపాయి డీల్స్ కూడా చేపట్టింది. అది ప్రతి డీల్ మధ్యలోకి వచ్చి, కొన్నవాడికి అమ్మేవాడిగా, అమ్మినవాడికి కొనేవాడిగా నిలబడుతుంది, కాబట్టి ఒక్కో బ్యాంకుకు అందరితో కలిపి ఒకే లెక్క మిగులుతుంది. దానికి 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం రక్షణ ఇచ్చింది. క్లియరింగ్ బయట ఇద్దరి మధ్య నేరుగా జరిగేవాటికి 2020 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబర్‌లో రెండు సభలూ బైలేటరల్ నెట్టింగ్ చట్టాన్ని ఆమోదించాయి, అక్టోబర్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. కనీసం ఒక పక్షమైనా రిజర్వ్ బ్యాంక్, సెబీ లాంటి నియంత్రణ సంస్థ పరిధిలో ఉండాలి, కాంట్రాక్టు ఆ సంస్థ గుర్తించిన రకం అయి ఉండాలి. అప్పుడు దివాలా మొదలైనా నెట్టింగ్ నిలబడుతుంది. 2021 మార్చిలో రిజర్వ్ బ్యాంక్ తన మూలధనం లెక్కలు కూడా దానికి తగ్గట్టు మార్చింది.

ఈ చట్టం లేకపోతే ఏమవుతుందో చూడాలంటే 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఎయిర్‌టెల్, ఎయిర్‌సెల్ తీర్పు చదవండి. ఎయిర్‌సెల్ దివాలా ప్రక్రియలో ఉంది, ఎయిర్‌టెల్ తనకు రావాల్సిన బాకీలను తను ఇవ్వాల్సిన దాంట్లో తగ్గించుకుంటానంది, దివాలా పరిష్కార ప్రక్రియ నడుస్తుండగా అది కుదరదని కోర్టు చెప్పింది, కొన్ని పరిమిత మినహాయింపులు తప్ప. అవి మామూలు వ్యాపార బాకీలు, స్వాప్‌లు, ఫార్వర్డ్‌ల లాంటి డెరివేటివ్‌లు కావు. ఒకే రకం తీసివేతే, ఒక చోట చట్టం ఒప్పుకుంది, ఇంకో చోట ఒప్పుకోలేదు.

నెట్టింగ్ బలం ఎంతో ఒక్క అంకెతో చెబుతాను. అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలడానికి రెండున్నర నెలల ముందు, 2008 జూన్ చివర్లో, ప్రపంచంలో ఎక్స్చేంజ్‌ల బయట నడిచే డెరివేటివ్‌ల మార్కెట్ విలువ సుమారు 20 లక్షల కోట్ల డాలర్లు. నెట్టింగ్ చేశాక మిగిలిన ఎక్స్‌పోజర్ సుమారు 4 లక్షల కోట్లు. మిగతాదంతా అటూ ఇటూ చెల్లుకు చెల్లు అయిపోయింది. అయినా లేమన్ వ్యవహారం సాఫీగా సాగిందని అనుకోవద్దు. మార్కెట్ అల్లకల్లోలంగా ఉన్నరోజు ఒక స్వాప్ ధర ఎంతని లెక్క కట్టాలి? ఆ లెక్క వేసేది బతికున్న పక్షమే కాబట్టి తనకు అనుకూలంగా వేసుకుందని గొడవలు వచ్చాయి, ఏళ్ల తరబడి కోర్టుల్లో నడిచాయి. ఇంకోటి, మీరు పనిలో రోజూ గుర్తుపెట్టుకోవాల్సింది: బోర్డు మీద పేరు ఒకటే అయినా లండన్ కంపెనీ వేరు, న్యూయార్క్ కంపెనీ వేరు. స్విస్ బ్యాంకు యూబీఎస్ తన అనుబంధ సంస్థలకు లేమన్ ఇవ్వాల్సిన డబ్బును, తను లేమన్‌కు ఇవ్వాల్సిన దాంతో కలిపేసుకోబోతే, కాంట్రాక్టులో అలా రాసి ఉన్నా సరే, 2011లో న్యూయార్క్ దివాలా కోర్టు కుదరదంది. నెట్టింగ్ సెట్‌లో (కలిపి లెక్కేసే డీల్స్ గుంపులో) లీగల్ ఎంటిటీ కోడ్, అంటే ఏ కంపెనీయో చెప్పే గుర్తింపు సంఖ్య, తప్పు పడితే అది చిన్న డేటా పొరపాటు కాదని మీ మేనేజర్లు మొత్తుకునేది అందుకే.

నెట్టింగ్ వల్ల రిస్క్ మాయమైపోతుందని మాత్రం ఎవరైనా చెబితే నమ్మకండి. పై ఉదాహరణలో మనం కట్టకుండా మిగుల్చుకున్న డబ్బు, మునిగిన బ్యాంకుకు అప్పులిచ్చిన మిగతావాళ్లకు పంచాల్సిన కుప్పలోంచి తగ్గిందే. వాళ్లలో బాండ్లు కొన్నవాళ్లుంటారు, జీతాలు రావాల్సినవాళ్లుంటారు, ఆఫీసుకు సరుకు పంపిన చిన్న వ్యాపారులుంటారు, వాళ్లకు మాస్టర్ అగ్రిమెంట్ లేదు. బ్యాంకులు ఒకదాని మీద ఒకటి పడిపోకుండా ఆపడం కోసం ఈ ధర చెల్లించడం సబబే అని నా అభిప్రాయం, కానీ అది ధర అన్న సంగతి దాచకూడదు. ఇంకా, అందరూ ఒకేసారి డీల్స్ మూసేసి పరుగెడితే అదే ఒక సంక్షోభం అవుతుంది. అందుకే లేమన్ తర్వాత అమెరికా, యూరప్‌లలో పెద్ద బ్యాంకును ప్రభుత్వం చక్కదిద్దే ఆ ఒకటి రెండు రోజులు అవతలివాళ్లు కాంట్రాక్టులు రద్దు చేయకుండా ఆపే నిబంధనలు తెచ్చారు. నాకు అది సరైన సర్దుబాటులాగే అనిపిస్తుంది.

చదివి వదిలేయకుండా ఒక పని చేయండి. ఒక అమెరికా బ్యాంకు వార్షిక నివేదిక, ఒక యూరప్ బ్యాంకు వార్షిక నివేదిక పక్కపక్కన పెట్టుకోండి. అమెరికా అకౌంటింగ్ పద్ధతిలో డెరివేటివ్‌లను నెట్ చేసి చూపించొచ్చు, యూరప్ వాడే అంతర్జాతీయ ప్రమాణాల్లో, డిఫాల్ట్ అయినప్పుడే పనికొచ్చే నెట్టింగ్ హక్కును బ్యాలెన్స్ షీట్‌లో చూపించనివ్వరు. అందుకే యూరప్ బ్యాంకు అంకెలు భయంకరంగా పెద్దవిగా కనిపిస్తాయి. వెనక నోట్స్‌లోకి వెళ్తే ఒక పట్టిక ఉంటుంది, మొత్తం ఎంత, మాస్టర్ నెట్టింగ్ ఒప్పందం వల్ల ఎంత తగ్గుతుంది, కొలాటరల్ ఎంత, చివరికి మిగిలేది ఎంత అని. రెండు బ్యాంకుల ఆఖరి కాలమ్‌లూ పోల్చి చూసి, ఏం కనిపించిందో నాకు రాయండి.

ప్రేమతో,
మీ పెద్దమ్మ